నీట్‌కి చదివినట్టు చదివితే వైవాలో నోరు పెగలదు: అనాటమీ, ఫిజియాలజీకి ఏ పద్ధతి ఎంచుకోవాలి

ఎంబీబీఎస్, నర్సింగ్ లాంటి కోర్సుల్లో ఫస్టియర్‌లో చేరిన పిల్లలు ముందు అడిగేది "ఏ పుస్తకం కొనాలి?" అని. అది తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది ఎలా చదవాలన్నది. ఎందుకంటే విజయవాడ, గుంటూరు కాలేజీల్లో బైపీసీ చేసి, ఆపైన లాంగ్‌టర్మ్ (నీట్ కోసం ఏడాది కోచింగ్) కూడా చేసి వచ్చినవాళ్లకి చదవడం అంటే ఒకటే తెలుసు: తెల్లారకముందే లేచి స్టడీ అవర్‌లో కూర్చోవడం, మెటీరియల్ తిప్పిందే తిప్పడం, బిట్లు చేయడం, వారం చివర టెస్ట్ రాయడం. ఆ అలవాటే మీకు సీటు తెచ్చిపెట్టింది, కాదనను. కానీ నీట్‌లో 180 ప్రశ్నలకీ జవాబు మీ కళ్ల ముందే ఉంటుంది, నాలుగింట్లో సరైనదాన్ని గుర్తుపడితే చాలు. ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో అనాటమీకి 100 మార్కుల థియరీ పేపర్లు రెండు, ప్రాక్టికల్, వైవా (నోటితో జవాబు చెప్పే పరీక్ష) కలిపి ఇంకో 100, ఫిజియాలజీకీ అంతే. బిట్లు ఉన్నా వాటి వాటా కొంచెమే. మిగతాదంతా తెల్లకాగితం మీద మీరే రాయాలి, మీరే బొమ్మ వేయాలి, లేదా ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) మీ చేతిలో ఎముక పెట్టి "చెప్పమ్మా" అంటే చెప్పగలగాలి. చూసి గుర్తుపట్టడం ఒకటి, చూడకుండా తెచ్చుకోవడం ఇంకొకటి. నేను ఏ పద్ధతిని మెచ్చుకున్నా, ఏది వద్దన్నా ఈ తేడాని బట్టే.

మళ్లీ చదవడమా, పుస్తకం మూసి రాయడమా

దీని మీద ఒక పేరున్న ప్రయోగం ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకి చిన్న పాఠాలు ఇచ్చి, కొన్నిటిని మళ్లీ చదవమన్నారు, కొన్నిటిని చదివాక పక్కన పెట్టేసి గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవే బాగా గుర్తున్నాయి. రెండు రోజులకి, వారానికి పెడితే లెక్క తిరగబడింది, గుర్తు తెచ్చుకుని రాసినవి ముందుకొచ్చాయి. మన హాస్టళ్లలో జరిగే మోసం సరిగ్గా ఇక్కడే ఉంది. రాత్రి రెండుసార్లు చదివి పడుకునేటప్పుడు "వచ్చేసింది" అనిపిస్తుంది, ఆ క్షణానికి అది నిజమే కూడా, కానీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

హైలైటర్ సంగతీ అంతే. 2013లో డన్‌లాస్కీ, ఆయన సహచరులు చదివే పద్ధతులు పదింటిని పరిశీలించి, తనని తాను పరీక్షించుకోవడానికీ, రోజుల తరబడి విడదీసి చదవడానికీ పెద్ద పీట వేశారు, గీతలు గీయడం, మళ్లీ చదవడం అట్టడుగున పెట్టారు. పేజీ మొత్తం పసుపు రాసేసి పక్కనోడికి చూపించుకోవడం తప్ప దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు.

మూసి రాయడం అంటే ఎలాగో బ్రేకియల్ ప్లెక్సస్‌తో (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక) చెబుతాను, ఎలాగూ అది మిమ్మల్ని వదలదు కాబట్టి. రెండు పేజీలు నింపాదిగా చదవండి. పుస్తకం మూసేయండి. జిరాక్స్ షాపులో ఒకవైపు పాడైన కాగితాలు ఊరికే ఇస్తారు, వాటిలో ఒకటి తీసుకుని ఎడమవైపు సీ5 నుంచి టీ1 దాకా ఐదు రూట్లు (వెన్నుపాము నుంచి వచ్చే నరాల మొదళ్లు) వేయండి. వాటిని మూడు ట్రంకులుగా కలపండి, సీ7 ఒక్కటే ఒంటరిగా పోతుంది. ఒక్కో ట్రంకు రెండుగా చీలితే ఆరు డివిజన్లు, వెనక మూడూ కలిస్తే పోస్టీరియర్ కార్డు. ఇక్కడిదాకా చాలామందికి వస్తుంది, ఆ తర్వాత బ్రాంచీల దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఆగినా సరే పుస్తకం వెంటనే తెరవకండి, ఒక నిమిషం బుర్ర గోక్కోండి, ఆ గోక్కోవడంలోనే పనంతా జరుగుతుంది. తర్వాత తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. రేపు మళ్లీ చూడాల్సింది ఆ ఎర్ర రాతలనే, రెండు పేజీలూ కాదు. ఇలా చేస్తే గంటకి నాలుగు పేజీలు కూడా కావని గొణుగుతారు, నిజమే, కానీ పాత పద్ధతిలో అయిన ఇరవై పేజీల్లో వారం తర్వాత ఎన్ని మిగులుతున్నాయో ఒకసారి లెక్క చూసుకోండి.

మళ్లీ చదవడం పూర్తిగా దండగ అనడం లేదు. ఎంబ్రియాలజీ (పిండం పెరిగే తీరు) లాంటివి మొదటిసారి చదివితే తల తిరుగుతుంది, రెండోసారికి గానీ దారిన పడదు. అర్థమే కానిదాన్ని మూసి రాయబోతే రాసేది బట్టీయే అవుతుంది. కాబట్టి అర్థమయ్యేదాకా చదవండి, అర్థమయ్యాక చదవడం ఆపి రాయండి.

అనాటమీకి చెయ్యి, ఫిజియాలజీకి నోరు

రెండిటినీ ఒకేలా చదవడం ఇంకో పెద్ద చిక్కు. అనాటమీ అడిగేది ఎక్కడుంది, పక్కన ఏముంది, దెబ్బ తగిలితే ఏం పోతుంది అని. ఫిజియాలజీ అడిగేది ఎందుకు, ఆ తర్వాత ఏమవుతుంది అని. మొదటిదానికి వేళ్లు, పెన్సిలు పనిచేయాలి. రెండోదానికి బయటికి చెప్పుకోవాలి.

అనాటమీకి మీ ముందున్న దారులు: అట్లాస్, ఫోన్లో త్రీడీ యాప్, డిసెక్షన్ హాల్, ఎముకలు, సొంత బొమ్మలు. ఇందులో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఎముకలకే ఓటేస్తాను. సీనియర్ల దగ్గర బోన్ సెట్ దొరికితే గదిలో నలుగురు కలిసి తీసుకోండి. హ్యూమరస్‌ని (భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక) ఒంట్లో ఉన్న తీరులో పట్టుకోండి: హెడ్ పైకి, లోపలివైపుకి, కాస్త వెనక్కి చూడాలి, అలా పట్టుకోవడం రాకపోతే అది కుడిదో ఎడమదో చెప్పలేరు, సైడ్ చెప్పలేనివాళ్లని ఎక్స్‌టర్నల్ ముందుకు పోనివ్వడు. ఇప్పుడు బొటనవేలు సర్జికల్ నెక్ (హెడ్‌కి కాస్త కింద సన్నబడే చోటు) మీద పెట్టండి, అక్కడ ఎముకని చుట్టుకుని వెళ్లేది యాగ్జిలరీ నర్వ్. వేలు వెనక్కి జార్చండి, ఏటవాలుగా గాడి తగులుతుంది, అందులో రేడియల్ నర్వ్, దాంతోపాటు ప్రొఫండా బ్రేకియై ధమని. కిందికి వచ్చి లోపలివైపు పొడుచుకొచ్చిన మీడియల్ ఎపికాండైల్ వెనక తడమండి, అల్నార్ నర్వ్. మోచెయ్యి తలుపుకి కొట్టుకుంటే చిటికెన వేలుదాకా జివ్వుమనేది దీనివల్లే. మూడు చోట్ల వేలు పెడితే మూడు నర్వులు వచ్చేశాయి, వాటితోపాటు ఎముక మధ్యలో విరిగితే మణికట్టు ఎందుకు వేలాడిపోతుంది అన్న క్లినికల్ ప్రశ్న కూడా. ఇదే విషయం పేరాగా చదివితే ఆర్నెల్లకి మిగలదు.

యాప్‌కీ డిసెక్షన్ హాల్‌కీ మధ్య చాలామంది యాప్ వైపు జారిపోతారు, ఫార్మాలిన్ వాసన లేదు, కళ్లు మండవు, నిలబడక్కర్లేదు. యాప్‌లో ధమని ఎర్రగా, సిర నీలంగా, నర్వ్ పచ్చగా ముద్దుగా ఉంటాయి. టేబుల్ మీద అన్నీ ఒకటే గోధుమరంగు. స్పాటర్స్‌లో, అంటే చూపించిన భాగం పేరు చెప్పే పరీక్షలో, జెండా గుచ్చేది ఆ గోధుమరంగు దారానికే. అందుకని హాల్‌కి వెళ్లేముందు యాప్ పది నిమిషాలు చూడండి, ఏది దేని వెనక ఉంటుందో ఒక ఊహ వస్తుంది, ఆ తర్వాత హాల్‌లో చేత్తో ముట్టుకుని చూడండి. టేబుల్ చుట్టూ మూడో వరసలో నిలబడితే కనిపించేది ముందువాళ్ల ఏప్రాన్లే. క్లాస్ అయ్యాక జనం పలచబడతారు, అప్పుడు ఉండిపోవడం మంచిది.

నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ వాళ్లలో చాలామందికి డిసెక్షన్ చేసే వీలుండదు, మోడళ్లు, చార్టులే దిక్కు. వాళ్లకి నా సలహా మీ ఒంటినే వాడుకోండి అని. గొంతు కింద గుంట నుంచి రొమ్ము ఎముక మీదుగా వేలు దించండి, కొద్ది దూరంలో అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది, అది స్టెర్నల్ యాంగిల్. దానికి పక్కనే అతుక్కున్నది రెండో పక్కటెముక. అక్కడి నుంచి ఎడమవైపు లెక్కపెట్టుకుంటూ ఐదో సందుకి వచ్చి, మిడ్‌క్లావిక్యులార్ లైన్‌కి (కాలర్ ఎముక మధ్య నుంచి నిలువుగా దిగే గీత) కాస్త లోపలగా అరచెయ్యి ఆనిస్తే ఏపెక్స్ బీట్, అంటే గుండె కొట్టుకోవడం, తెలుస్తుంది. రేపు వార్డులో ఈసీజీ లీడ్లు పెట్టేటప్పుడు ఇదే లెక్క.

హిస్టాలజీకి (కణజాలాన్ని మైక్రోస్కోప్‌లో చూసే భాగం) రెండు కలర్ పెన్సిళ్లు చాలు, ఊదా, గులాబీ. స్లయిడ్‌కి వేసే రంగుల్లో హిమటాక్సిలిన్‌కి న్యూక్లియస్ ఊదాగా, ఇయోసిన్‌కి మిగతాది గులాబీగా వస్తుంది. స్లయిడ్ చూస్తూ వేయండి, పక్కవాళ్ల రికార్డు చూస్తూ కాదు.

ఇక ఫిజియాలజీ. దీనికి బొమ్మలకన్నా బాణాల గీతలు, బాణాల గీతలకన్నా నోటితో చెప్పడం మేలు. మే నెలలో మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో కోసం అరగంట నిలబడ్డారనుకోండి. చెమట పోయింది, నీళ్లు తాగలేదు. సాయంత్రానికి మూత్రం చిక్కగా, పచ్చగా, కొంచెమే వస్తుంది. ఎందుకు? ఇప్పుడు పుస్తకం మూసి చెప్పండి: చెమటలో ఉప్పుకన్నా నీళ్లు ఎక్కువ పోతాయి కాబట్టి రక్తం ఆస్మొలాలిటీ (కరిగిన లవణాల గాఢత) పెరుగుతుంది, హైపోథాలమస్‌లో ఆస్మోరిసెప్టార్లు పసిగడతాయి, ఒకపక్క దాహం వేస్తుంది, ఇంకోపక్క పోస్టీరియర్ పిట్యూటరీ నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ వస్తుంది, అది కిడ్నీలోని కలెక్టింగ్ డక్ట్‌లో వీ2 రిసెప్టార్లని తట్టి ఆక్వాపోరిన్-2 చానళ్లని పైకి తెప్పిస్తుంది, నీళ్లు వెనక్కి మళ్లుతాయి, మూత్రం చిక్కబడుతుంది. ఈ వరసలో ఎక్కడ "ఆ తర్వాత ఏదో అవుతుంది" అని నసుగుతారో అక్కడే మీకు పాఠం రాలేదు. అక్కడికే వెళ్లి చదవండి.

ఊళ్లో ఉన్నవే ప్రశ్నలుగా మార్చుకోవచ్చు. గుంటూరు కారం నాలుక మీద పడితే రుచి కాకుండా మంట ఎందుకు? కారంలోని క్యాప్సైసిన్ పట్టుకునేది టీఆర్‌పీవీ1 అనే చానల్‌ని, అది మామూలుగా దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునేది, కాబట్టి మెదడు దాన్ని వేడి అనే చదువుకుంటుంది, ముఖానికి చెమట కూడా పట్టిస్తుంది. ఈ చానల్‌ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021 నోబెల్‌లో సగం వచ్చింది. పరీక్షలో ఇంత వివరం అడగరేమో గానీ, సెన్సరీ రిసెప్టార్ల పాఠం ఒకసారి ఇలా చెప్పుకుంటే ఇక పోదు.

తెలుగులోనే చెప్పుకోండి, సిగ్గేం లేదు, మెకానిజం అర్థమయ్యిందో లేదో తేలేది అందులోనే. కాకపోతే రాయాల్సింది ఇంగ్లిష్‌లో కాబట్టి, చెప్పినదాన్ని ఆ రోజే ఐదారు ఇంగ్లిష్ వాక్యాల్లో రాసి పెట్టుకోవాలి. ఈ రెండో మెట్టు ఎగ్గొట్టేవాళ్లే "నాకన్నీ తెలుసు, రాయడం రాలేదు" అని వాపోతుంటారు.

కార్డులు, వీడియోలు

ఫ్లాష్ కార్డులు అంకెలకీ, పేర్లకీ భేషుగ్గా పనిచేస్తాయి. జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం) నిమిషానికి 125 మిల్లీలీటర్లు, అంటే రోజుకి 180 లీటర్లు, మూత్రంగా బయటికి వచ్చేది లీటరున్నర అటూఇటూ. కార్డియాక్ అవుట్‌పుట్ (గుండె పంపే రక్తం) నిమిషానికి అయిదు లీటర్లు. జుగులార్ ఫొరామెన్ (పుర్రె అడుగున ఉండే రంధ్రం) గుండా వెళ్లేవి ఏవి. ఇలాంటివి కార్డుకి ఒకటి చొప్పున రాసుకోవాలి. కిడ్నీ మూత్రాన్ని చిక్కబరిచే కౌంటర్‌కరెంట్ మెకానిజం మొత్తం ఒక కార్డు వెనక కుక్కితే అది కార్డు కాదు, చిన్న సైజు గైడ్.

కాగితం కార్డులా, ఆంకీ యాప్ లాంటిదా అంటే, మీ చేతిలో ఫోన్ ఏం చేస్తుందో మీకే తెలియాలి. ఆంకీ ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. తప్పు చెప్పిన కార్డుని త్వరగా, బాగా వచ్చినదాన్ని చాలా రోజులకి అదే చూపిస్తుంది, ఆ లెక్కంతా మీరు పెట్టుకోనక్కర్లేదు. విజయవాడలో ఉంటూ గుంటూరులోనో, మధ్యలో చినకాకానిలోనో చదివేవాళ్లకి బస్సులో నిలబడి కూడా చేసుకోవచ్చు, రోజూ రానూపోనూ పోయే ఆ టైమ్‌కి ఇంతకన్నా మంచి వాడకం నాకు కనబడలేదు. కానీ నోటిఫికేషన్ రాగానే రీల్స్‌లోకి వెళ్లిపోయే రకమైతే కాగితమే నయం: మూడు డబ్బాలు పెట్టుకుని, వచ్చిన కార్డుని తర్వాతి డబ్బాలోకి, రానిదాన్ని మళ్లీ మొదటిదాన్లోకి వేయండి. మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకి, మూడోది వారానికి తీయండి. ఇంకో మాట, నెట్‌లో రెడీమేడ్‌గా దొరికే పేరున్న డెక్‌లు (కార్డుల కట్టలు) చాలావరకు అమెరికా లైసెన్స్ పరీక్షల కోసం చేసినవి, వేల కార్డులుంటాయి, మన లాంగ్ ఆన్సర్ల దారి అది కాదు. సొంతంగా రాసుకోండి, రాసేటప్పుడే సగం వచ్చేస్తుంది.

వీడియోకా, పుస్తకానికా ఓటు అంటే నాది చిన్న సూత్రం: కదిలేది వీడియోలో, కదలనిది పుస్తకంలో. పిండంలో పేగులు 270 డిగ్రీలు తిరగడం, గుండె గొట్టం మడతపడటం, కార్డియాక్ సైకిల్‌లో వాల్వులు తెరుచుకోవడం కాగితం మీద ఎన్నిసార్లు చదివినా మొండికేస్తాయి, మంచి యానిమేషన్ ఒక్కసారి చూస్తే చాలు. మిగతావాటికి వీడియో చూడటం అంటే ఇంకొకరు చదువుతుంటే మనం చూస్తూ కూర్చోవడమే. రెండింతల స్పీడ్‌లో పెట్టి చూశామని మురిసిపోయేవాళ్లు వీడియో ఆపేసి నాలుగు వాక్యాలు చెప్పగలరేమో చూసుకోవాలి.

ఇప్పుడు పుస్తకం

అనాటమీకి మన దగ్గర ఎక్కువమంది చౌరాసియాతో మొదలుపెడతారు, సులువుగా చూసి వేయగలిగే బొమ్మలు, పాయింట్లుగా ఉండే రాత, పరీక్షకి అది సరిపోతుంది. ఫిజియాలజీకి గైటన్ కథలా సాగదీసి చెబుతుంది, అర్థం కావడానికి అంతకన్నా మంచిది తక్కువ, కానీ దాన్నుంచి పది మార్కుల జవాబు తయారుచేయడం ఫస్టియర్ వాళ్లకి కష్టం. అందుకే అర్థానికి గైటన్‌లో ఆ పాఠం చదివి, జవాబు రూపానికి ఏదైనా ఇండియన్ పుస్తకం చూసుకోవడం నయం. ఒక సబ్జెక్టుకి మూడు పుస్తకాలు అలమరలో పెట్టుకున్నంత మాత్రాన మూడూ బుర్రలోకి రావు. పాత ఎడిషన్ సీనియర్ దగ్గరో, ఏలూరు రోడ్డు షాపుల్లోనో తక్కువకి వస్తే అనాటమీకి నిస్సందేహంగా తీసుకోండి, ఎముకలు మారలేదు. కాకపోతే కొత్త సిలబస్‌లో క్లినికల్ ప్రశ్నలు పెరిగాయి, వాటికి కాలేజీ నోట్స్ కలుపుకోవాలి.

గైడ్ ఒక్కటే చదివితే పాసవుతామా అని అడుగుతారు. థియరీలో అవ్వొచ్చు. వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు, ఎందుకంటే రెండో ప్రశ్న మీరు చెప్పిన జవాబు నుంచే పుడుతుంది.

ఒక్కరా, గుంపా, నైటౌటా, నిద్రా

ఇద్దరు బాగా కుదురుతారు. ఒకరు పుస్తకం పట్టుకుని ఎక్స్‌టర్నల్, ఇంకొకరు చేతులు కట్టుకుని క్యాండిడేట్, పావుగంటకి మార్చుకోండి. ప్రశ్న అడగడానికి కూడా చదవాలి కాబట్టి ఇద్దరికీ లాభమే. ఐదుగురు దాటితే అది టీ ప్రోగ్రాం.

నైటౌట్ల మీద నాకు సదభిప్రాయం లేదు. పగలు చదివింది నిద్రలోనే గట్టిపడుతుందని చెప్పే పరిశోధన చాలా ఉంది, అది ఫిజియాలజీ పుస్తకంలోనే చదువుకుంటూ రాత్రంతా మేలుకోవడం విడ్డూరం. థియరీ ముందు రోజు ఎలాగోలా నెట్టుకురావచ్చు, రాసేటప్పుడు చెయ్యి నడుస్తుంది. వైవాకి మాత్రం నిద్రలేని మొహంతో వెళితే తెలిసినవి కూడా నోటికి రావు.

వ్యవధి బట్టి ఎంపిక మారుతుంది. మూడు నెలలున్నవాళ్లు రోజూ ఉదయం అనాటమీ, సాయంత్రం ఫిజియాలజీ అని రెండూ కలిపి నడపండి, నెలంతా ఒకటే చదివితే రెండో నెలకి మొదటిది ఆవిరైపోతుంది. నెలే ఉంటే పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, జవాబు చూడకుండా రాసి, ఆ తర్వాతే పుస్తకం తెరవండి. వారమే ఉంటే కొత్త పాఠం జోలికి పోకండి, ఎర్ర పెన్ను రాతలు, కార్డుల మొదటి డబ్బా, ముఖ్యమైన బొమ్మలు, అంతే. బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్ వాళ్లకి రెండూ ఒకే పేపర్లో రెండు సెక్షన్లుగా వస్తాయి, కాబట్టి "అనాటమీతో లాగించేద్దాం" అనే ఆలోచన పెట్టుకోకండి.

ప్రాక్టికల్స్ ముందు రోజు ఎముకలు, స్లయిడ్లు, ఫిజియాలజీలో బీపీ చూడటం, రిఫ్లెక్సులు కొట్టడం ఇంకొకరి మీద చేసి చూసుకోండి. రికార్డులో పెండింగ్ సంతకాలు మాత్రం అంతకు చాలా ముందే పెట్టించుకోవాలి, ఆ వారంలో డిపార్ట్‌మెంట్ బయట క్యూ మెట్లదాకా ఉంటుంది.